ఉచిత సిటిజన్‌షిప్ క్లినిక్ రివ్యూ: తాళ్ళరేవులో పుట్టిన నాకూ, అమెరికన్ సమోవాలో పుట్టిన మా పక్కింటావిడకీ ఒకటే ఫారం

వాషింగ్టన్ రాష్ట్రంలో తకోమా, ఫెడరల్ వే, ప్యూయాలప్ వైపు ఉండే మనవాళ్ళు చాలామంది ఈ క్లినిక్కుల గురించి అడుగుతున్నారు కాబట్టి ఒకేచోట రాసేస్తున్నాను. 2025 వేసవిలో ఒక శనివారం, ఇక్కడి స్వచ్ఛంద సంస్థ ఒకటి కమ్యూనిటీ కాలేజీలో నడిపిన ఉచిత సిటిజన్‌షిప్ క్లినిక్‌కి నేను, మా పక్కింటావిడ కలిసి వెళ్ళాం. సంస్థ పేరు రాయడం లేదు. మంచి పని చేస్తున్నవాళ్ళని ఒక్క పూట జరిగినదాన్ని బట్టి పేరు పెట్టి అనడం నాకిష్టం లేదు, పైగా ఇలాంటి క్లినిక్కులు చాలాచోట్ల ఇంచుమించు ఇదే పద్ధతిలో నడుస్తాయి. గ్రీన్‌కార్డు చేతిలో ఉన్న మనలాంటివాళ్ళకైతే ఐదుకి నాలుగున్నర ఇస్తాను. మా పక్కింటావిడలాంటివాళ్ళకి రెండే ఇస్తాను, అది కూడా చివర్లో వచ్చిన ఒక పెద్ద లాయరు పుణ్యమా అని.

ఆవిడ పుట్టింది అమెరికన్ సమోవాలో, అంటే పసిఫిక్ సముద్రంలో అమెరికా పాలన కింద ఉన్న దీవుల్లో, టుటుయిలా దీవి మీద లియోనె అనే ఊళ్ళో. అక్కడ అమెరికా జెండా 1900 నుంచీ ఎగురుతోంది. నేను పుట్టింది తూర్పు గోదావరి తాళ్ళరేవులో. ఇద్దరికీ ఆ రోజు చేతికిచ్చింది పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకునే ఒకటే ఎన్-400 ఫారం, అందులో నాకు పనికొచ్చిన గడులే ఆవిడకి అడ్డం పడ్డాయి. అందుకే ఈ రివ్యూలో సగం క్లినిక్ గురించి, సగం ఆ ఫారం వెనకాల ఉన్న చట్టం గురించి ఉంటుంది. రెండూ విడదీసి చెప్పడం నావల్ల కాలేదు.

ముందు నా సంగతి తొందరగా చెప్పేస్తాను. ఫోన్ చేసి పేరిస్తే గ్రీన్‌కార్డు ఎప్పుడొచ్చింది, పోలీసు కేసులేమైనా ఉన్నాయా, పన్నులు కట్టారా అని అడిగి, తెచ్చుకోవలసిన కాగితాల చిట్టా మెసేజ్ పెట్టారు. హాల్లోకి వెళ్ళగానే మొదటి టేబుల్ దగ్గర కాగితాలు చూస్తారు, రెండో దగ్గర వలంటీరు పక్కన కూర్చుని ఫారం నింపిస్తాడు, ఆ తర్వాత లాయరు మొత్తం ఒకసారి చదివి సంతకం పెట్టిస్తారు, ఆఖర్న జిరాక్సులు తీసి, ఏ అడ్రసుకి పంపాలో కవరు మీద రాసి మరీ చేతిలో పెడతారు. పైసా తీసుకోరు. ఇదే పనికి లాయర్లకి ప్రభుత్వ ఫీజు కన్నా ఎక్కువ ఇచ్చిన స్నేహితులు నాకున్నారు, వాళ్ళకి మించి ఈ వలంటీర్లు ఓపిగ్గా చేశారు. మనవాళ్ళు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవలసినవి రెండున్నాయి. గత ఐదేళ్ళలో ఇండియా వెళ్ళొచ్చిన ప్రతి ట్రిప్పుకీ వెళ్ళిన తేదీ, తిరిగొచ్చిన తేదీ రాసుకుని వెళ్ళండి, అక్కడ కూర్చుని పాస్‌పోర్టు స్టాంపులు వెతుక్కుంటే మీ టైమంతా దానికే సరిపోతుంది. స్పీడింగ్ టికెట్లు దాచకండి, చిన్నదైనా చెప్పండి, ఏది రాయాలో ఏది అక్కర్లేదో లాయరు చూసుకుంటారు. ఫీజు కాగితం మీద వేస్తే 760 డాలర్లు, ఆన్‌లైన్‌లో 710. ఆదాయం తక్కువున్నవాళ్ళకి 380 మాత్రమే, కాకపోతే దానికి కాగితం మీదే వెయ్యాలి. ఈ తగ్గింపు సంగతి చాలామందికి తెలియదు, క్లినిక్‌లో మొదటి టేబుల్ దగ్గరే అడిగి చెప్పారు, అది నాకు చాలా నచ్చింది.

ఇక ఆవిడ సంగతి. ఆవిడ ఇక్కడ ఒక ఆసుపత్రి వంటగదిలో పనిచేస్తుంది, వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. వీసా లేదు, గ్రీన్‌కార్డు లేదు, అవి ఆవిడకి అవసరం లేదు, విమానమెక్కి వచ్చి మర్నాటి నుంచీ పని చేసుకోవచ్చు. జీతంలో పన్నులు మనకి కోసినట్టే కోస్తారు. అన్నయ్య అమెరికా ఆర్మీలో పనిచేసి రిటైరయ్యాడు. ఓటు మాత్రం లేదు. కోర్టు నుంచి జ్యూరీకి రమ్మని ఉత్తరం వస్తే "పౌరురాలిని కాను" అని టిక్ పెట్టి వెనక్కి పంపుతుంది. పౌరులకి మాత్రమే అని రాసి ఉన్న ప్రభుత్వ ఉద్యోగాలకి అప్లై చెయ్యలేదు.

మొదటి టేబుల్ దగ్గర ఒక కుర్రాడు, లా చదువుతున్నాడట, గ్రీన్‌కార్డు అడిగాడు. ఆవిడ తన పాస్‌పోర్టు ఇచ్చింది. నీలం అట్ట, బంగారు రంగు గద్ద, అందరు అమెరికన్ల దగ్గరా ఉండేదే. అతను చూసి "మీరు ఆల్రెడీ సిటిజన్ కదండీ, ఇక్కడికెందుకొచ్చారు?" అన్నాడు. ఆవిడ ఏమీ మాట్లాడకుండా వెనక పేజీల్లోకి తిప్పి, అక్కడ అచ్చేసి ఉన్న ఒక్క వాక్యం మీద వేలు పెట్టింది. ఈ పాస్‌పోర్టు గలవారు అమెరికా జాతీయులే (నేషనల్స్, అంటే అమెరికాకి చెందినవాళ్ళే) గాని అమెరికా పౌరులు కారు అని దాని అర్థం, అన్నీ పెద్దక్షరాల్లో ఉంటుంది. ఆ వేలు పెట్టడం చూస్తే తెలిసిపోతుంది, ఆవిడకి ఇది అలవాటైన పనని. బ్యాంకులో, స్కూల్లో, ఉద్యోగాల ఆఫీసుల్లో ఎన్ని చోట్ల ఆ పేజీ తిప్పి చూపించిందో.

కుర్రాడు వాక్యం చదివి, ఈసారి పూర్తిగా అటువైపుకి వెళ్ళిపోయాడు. సిటిజన్ కాకపోతే గ్రీన్‌కార్డు ఉండి తీరాలి, అది వచ్చాక ఐదేళ్ళు ఆగి రండి, ఇప్పుడు మేము చేయగలిగింది లేదు అన్నాడు. ఐదు నిమిషాల్లో రెండు జవాబులు, రెండూ తప్పే. నిజానికి ఫోన్లో పేరిచ్చిన రోజునే వాళ్ళు ఆవిడకి "గ్రీన్‌కార్డు రెండు వైపులా కాపీ తీసుకురండి" అని మెసేజ్ పెట్టారు, లేదు అని ఆవిడ తిరిగి రాస్తే దానికి జవాబు లేదు. ఆ తర్వాత హాల్లో ఒక మూల కుర్చీ చూపించి కూర్చోమన్నారు. నా ఫారం అయిపోయింది, నా వెనకొచ్చినవాళ్ళ ఫారాలూ అయిపోయాయి, ఆవిడ ఒళ్ళో ఫైలు పెట్టుకుని అలాగే కూర్చుంది. నాకు చాలా బాధేసింది, కోపమూ వచ్చింది. ఇంట్లో పుట్టిన పిల్లని దత్తత కాగితాలు తెచ్చుకోమన్నట్టుంది ఆ వ్యవహారం.

మధ్యాహ్నం దాటాక పెద్ద లాయరు వచ్చారు, తల నెరిసిన ఆవిడ, ఆ రోజు క్లినిక్ మొత్తానికీ ఆవిడే బాధ్యురాలట. సంగతి వినగానే లాప్‌టాప్ తీసి వలస చట్టంలో సెక్షన్ 325 తెరిచి ఆ కుర్రాడిచేత చదివించారు. జాతీయులు అయి ఉండి పౌరులు కానివాళ్ళు ఏదో ఒక రాష్ట్రంలో కాపురముంటే, మిగతా అర్హతలుంటే, నేరుగా పౌరసత్వానికి వేసుకోవచ్చు, గ్రీన్‌కార్డుతో పనిలేదు, సమోవాలో గడిపిన కాలం కూడా అమెరికాలో ఉన్నట్టే లెక్క. ఇది ఎప్పటినుంచో ఉన్న రూలే. ఫారంలో ఏలియన్ నంబరు, అంటే పరాయి దేశస్థులకి ఇచ్చే నంబరు, అడిగే గడి దగ్గర సమోవా వాళ్ళు ఆగిపోతారు, మా పక్కింటావిడా ఆగిపోయింది, ఎందుకంటే ఆవిడ ఏలియన్ కాదు, ఆ నంబరు ఎవరూ ఇవ్వలేదు. ఏ అర్హత కింద వేస్తున్నారు అన్న చోట "ఇతర" అనే గడిలో ఆ సెక్షన్ రాయించారు, సమోవా జనన పత్రం, పాస్‌పోర్టులో ఆ వాక్యం ఉన్న పేజీ కాపీలు జతచేయించారు. తగ్గింపు ఫీజు 380కి ఆవిడ సరిపోయింది. నేను ఇచ్చిన రెండు స్టార్లూ ఆ లాయరమ్మకే.

ఇప్పుడు అసలు ఇది ఎలా కుదిరిందో చెప్పాలి, ఎందుకంటే క్లినిక్ బయట మనవాళ్ళకి ఈ కథ చెబితే ఒక్కరూ నమ్మలేదు. అమెరికాలో పుడితే అమెరికా పౌరులే కదా అంటారు. 1868లో అమెరికా రాజ్యాంగానికి వచ్చిన పద్నాలుగో సవరణలో ఆ వాక్యానికి రెండు షరతులున్నాయి. అమెరికాలో పుట్టి ఉండాలి, అమెరికా అధికార పరిధికి లోబడి ఉండాలి. మన హెచ్-1బీ కుటుంబాలకి 2025 జనవరి 20న టెన్షన్ పట్టుకుంది కదా, తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో కాకపోతే ఆ బిడ్డకి పౌరసత్వం లేదని అధ్యక్షుడు ఆర్డరు వేశారు, మూడో రోజునే ఇక్కడ మన సియాటిల్‌లోనే జడ్జి జాన్ కోగ్నార్ దాన్ని ఆపారు. ఆ గొడవంతా రెండో షరతు మీద. పరిధికి లోబడి ఉండడం అంటే ఏమిటని. 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో సుప్రీంకోర్టు చైనా తల్లిదండ్రులకి శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన అబ్బాయి పౌరుడే అని చెప్పింది కూడా ఆ రెండో షరతు గురించే.

సమోవా వాళ్ళ గొడవ మొదటి షరతు మీద. వాళ్ళు అమెరికాకి లోబడి ఉన్నారనడంలో ఎవరికీ అనుమానం లేదు, చట్టమే వాళ్ళని అమెరికాకి శాశ్వత విధేయత గలవారు అంటుంది. మరి వాళ్ళ రాజధాని పాగో పాగో అమెరికా "లో" ఉందా లేదా? 1898లో స్పెయిన్‌తో జరిగిన యుద్ధం తర్వాత ప్యూర్టోరికో, గ్వామ్, ఫిలిప్పీన్స్ చేతికొచ్చినప్పుడు ఈ ప్రశ్న లేచింది. 1901 నుంచి వచ్చిన వరస తీర్పుల్ని ఇన్సులర్ కేసులంటారు, అంటే దీవుల కేసులు. వాటిలో డౌన్స్ వర్సెస్ బిడ్‌వెల్‌లో ప్యూర్టోరికో అంతర్జాతీయంగా చూస్తే పరాయి దేశం కాదు గాని, దేశం లోపలి లెక్కల్లో మాత్రం పరాయిదే అన్నారు. అక్కడ ఉన్నవాళ్ళది వేరే జాతి, వేరే ఆచారాలు, వాళ్ళకి మన రాజ్యాంగం మొత్తం ఎలా వర్తింపజేస్తాం అన్న మాటలు ఆ తీర్పుల్లో దాపరికం లేకుండా ఉన్నాయి. 2022లో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ గోర్సచ్ ఒక కేసులో విడిగా రాస్తూ, ఈ కేసులకి రాజ్యాంగంలో పునాది లేదు, జాతుల గురించిన మూస అభిప్రాయాల మీద నిలబడ్డాయి అన్నారు. అయినా సుప్రీంకోర్టు వాటిని కొట్టెయ్యలేదు.

మిగతా దీవులకి కాంగ్రెస్ ఒక్కొక్కదానికీ చట్టం చేసి పౌరసత్వం ఇచ్చుకుంటూ వచ్చింది. ప్యూర్టోరికోకి 1917లో, వర్జిన్ ఐలాండ్స్‌కి 1927లో, గ్వామ్‌కి 1950లో, ఉత్తర మరియానాకి 1986లో. ఇక మిగిలింది అమెరికన్ సమోవా, దానితోపాటు స్వెయిన్స్ అనే బుల్లి దీవి. 2020 జనాభా లెక్కల్లో అక్కడ 49,710 మంది ఉన్నారు. మొత్తం అమెరికా జెండా కింద, పుట్టగానే జాతీయులై కూడా పౌరులు కాని జనం ఉన్న భూమి అదొక్కటే.

కోర్టుకి వెళ్ళలేదా అంటే వెళ్ళారు. వాషింగ్టన్ డీసీలో టువావువా కేసు 2015లో అప్పీల్ కోర్టులో ఓడిపోయింది, మరుసటేడు సుప్రీంకోర్టు తీసుకోలేదు. ఆ తర్వాత యూటాలో ఉండే జాన్ ఫిటిసెమాను మరికొందరితో కలిసి కేసు వేశాడు. 2019 డిసెంబర్లో జడ్జి క్లార్క్ వాడుప్స్ వీళ్ళు పుట్టుకతో పౌరులే అని తీర్పిచ్చారు. మర్నాడే ఆయనే, అప్పీలు తేలేదాకా అని, తీర్పు అమలు నిలిపేశారు. 2021లో పదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు ఇద్దరికొకరు తేడాతో దాన్ని తిరగేసింది, 2022 అక్టోబర్లో సుప్రీంకోర్టు వినడానికి ఒప్పుకోలేదు. 2019లో ఆ మొదటి తీర్పు వచ్చినప్పుడు మా పక్కింటావిడ ఇంట్లో టీవీ ముందు వాళ్ళ చర్చివాళ్ళు చాలామంది చేరారట. ఒక్క రోజు పౌరులమయ్యాం అనుకుని పడుకున్నాం అంది.

దీనికి ఇంకోవైపు కూడా ఉంది, అది చెప్పకపోతే సమోవా వాళ్ళకి అన్యాయం చేసినట్టే. ఈ కేసుల్లో పౌరసత్వం వద్దు అని అమెరికా ప్రభుత్వం పక్కన నిలబడి వాదించినవాళ్ళలో అమెరికన్ సమోవా ప్రభుత్వమే ఉంది. అక్కడ భూమిలో చాలా భాగం ఉమ్మడి కుటుంబాలది, మన ఊళ్ళలోలాగా పట్టా ఒకరి పేరున ఉండదు, మతాయి అనే కుటుంబ పెద్ద దాన్ని చూస్తాడు, ఎవరు ఎక్కడ ఇల్లు కట్టుకోవాలో ఆయనే తేలుస్తాడు. బయటివాళ్ళు కొనుక్కోకుండా చట్టాలున్నాయి, సమోవా రక్తం సగమైనా లేనివాళ్ళకి భూమి రాదు. పౌరసత్వం కోర్టు ద్వారా వచ్చి మీద పడితే, అందరూ సమానం అన్న సూత్రం పట్టుకుని రేపు ఎవరో వచ్చి ఆ భూమి చట్టాల్ని కొట్టేయిస్తారు అని వాళ్ళ భయం. హవాయిలో స్థానికుల భూమి ఏమైందో వాళ్ళు కళ్ళారా చూశారు. మా పక్కింటావిడ పెద్దన్నయ్య అక్కడ మతాయి, ఆయనది ఇదే మాట. "మేము అడిగినప్పుడు ఇవ్వండి, కోర్టుతో కాదు" అంటాడట. అన్నాచెల్లెళ్ళు ఫోన్లో దీని మీద పోట్లాడుకుంటారు, ఆదివారం మళ్ళీ మామూలే.

నా మటుకు నాకు ఆ భయాన్ని తీసిపారెయ్యాలని లేదు. భూమి పోతే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. కాకపోతే ఉత్తర మరియానాలో కూడా భూమి స్థానికులకే అన్న చట్టం ఉంది, అక్కడివాళ్ళు పౌరులయ్యాక కూడా దాన్ని 1990లో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు నిలబెట్టింది. రెండూ ఒకే ఇంట్లో కుదురుతాయని అక్కడ చూస్తున్నాం. పైగా దీవిలో ఉన్నవాళ్ళకి పౌరసత్వం వద్దు అంటే సరే, మరి కోరుకున్నవాళ్ళకైనా సులువు చెయ్యొచ్చు కదా? ఇప్పుడున్న చట్టం ప్రకారం, దీవి వదిలి ఏదో ఒక రాష్ట్రానికి వచ్చి కాపురం పెడితేనే వేసుకోగలరు. పాగో పాగోలో కూర్చుని వేసుకోవడానికి లేదు. వాళ్ళ కాంగ్రెస్ ప్రతినిధి అమాటా రాడెవాగెన్, ఆవిడకి సభలో ఓటు హక్కు కూడా లేదు, ఈ ఇబ్బందులు తగ్గించమని బిల్లులు పెట్టారు. అవి చట్టం కాలేదు.

ఇక్కడ యానాం గుర్తొచ్చింది నాకు, మాకు పక్క ఊరే కదా. ఫ్రెంచివాళ్ళు 1954 నవంబర్ 1న పాలన అప్పగించి వెళ్ళారు, ఒప్పందం 1956లో రాసుకున్నారు, అది అమల్లోకొచ్చింది 1962 ఆగస్టు 16న. ఆ ఒప్పందం ప్రకారం యానాం, పుదుచ్చేరి, కారైకాల్, మాహెల్లో పుట్టి అక్కడే ఉంటున్న ఫ్రెంచి జాతీయులు భారత పౌరులవుతారు, వద్దు ఫ్రెంచి పౌరులుగానే ఉంటాం అనుకుంటే ఆరు నెలల్లో రాతపూర్వకంగా చెబితే చాలు. అలా ఉండిపోయినవాళ్ళ వారసులు పుదుచ్చేరిలో ఈరోజుకీ ఫ్రాన్స్ ఎన్నికల్లో ఓటేస్తారు. వలస పాలన గొప్పదని చెప్పడం లేదు నేను, యానాం జనం దాన్ని వదిలించుకోడానికి పోరాడారు. అయినా వెళ్ళేటప్పుడు మీరు ఎవరిగా ఉంటారో మీరే చెప్పండి అని మనిషి మనిషికీ ఒక కాగితం ఇచ్చారు. మా పక్కింటావిడకి నేను ఇది చెబితే, "ఆరు నెలలు కాదు, మాకు ఆరు రోజులిచ్చినా చాలు" అంది.

మళ్ళీ క్లినిక్ దగ్గరికొస్తాను. ఫారం నింపేటప్పుడు అందరికన్నా ఆవిడ ఎక్కువ వణికింది ఒక చోట. ఎప్పుడైనా అమెరికా పౌరులమని చెప్పుకున్నారా, ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటేశారా అని అడుగుతారు. మనకి దీనికి "లేదు" అని జవాబు చెప్పడం సులువు. వాళ్ళకి అలా కాదు. ఇక్కడ డ్రైవింగ్ లైసెన్సు తీసుకునేటప్పుడే ఓటరు నమోదు చెయ్యమంటారా అని అడుగుతారు, చాలా ఫారాల్లో పౌరులా, కాదా అని రెండే గడులుంటాయి, జాతీయులు అనే మూడో గడి ఉండదు. అమెరికా పాస్‌పోర్టు చేతిలో ఉన్న మనిషి ఏ గడిలో టిక్ పెడుతుంది? అలాస్కాలో విటియర్ అనే చిన్న ఊరు, ఊరంతా దాదాపు ఒకే పద్నాలుగంతస్తుల భవనంలో ఉంటుంది. అక్కడ సమోవా నుంచి వచ్చిన ఒకావిడ 2023లో స్కూలు బోర్డుకి ఎన్నికైంది కూడా. ఆ తర్వాత పౌరురాలు కాకుండా ఓటేసిందని నేరం మోపి అరెస్టు చేశారు. ఫారంలో తగిన గడి లేకే పౌరురాలినని టిక్ పెట్టిందని ఆవిడ తరఫువాళ్ళ వాదన. 2025 ఏప్రిల్‌లో అదే ఊళ్ళో మరో పదిమంది మీద కేసులు పెట్టారు. మా పక్కింటావిడ ఆ వార్త ప్రింటు తీయించి ఫైల్లో పెట్టుకుని వచ్చింది. నేనెప్పుడూ ఓటెయ్యలేదు, ఎప్పుడూ నమోదవ్వలేదు అని లాయరుకి అడగకముందే చెప్పింది, రెండోసారి కూడా చెప్పింది. లాయరమ్మ ఆ ఒక్క పేజీ మీద నా మొత్తం ఫారానికన్నా ఎక్కువసేపు కూర్చున్నారు, ప్రతి లైసెన్సు రెన్యువల్ గురించి అడిగారు. ఈ జాగ్రత్త మొదటి టేబుల్ దగ్గర ఎవరికీ తెలియదు. తెలియని వలంటీరు చేతిలో ఈ పేజీ పడితే మనిషి జైలు దాకా వెళ్ళే ప్రమాదం ఉంది.

ఫారాలయ్యాక సివిక్స్ క్లాసు, అంటే పౌరసత్వ ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నల క్లాసు, పెట్టారు, అది కూడా ఉచితమే, టీచరు చాలా బాగా చెప్పింది. అప్పటికి పాత పరీక్షే, వంద ప్రశ్నల పుస్తకం, ఇంటర్వ్యూలో పది అడిగితే ఆరు చెప్పాలి. 2025 అక్టోబర్ 20 నుంచి వేసినవాళ్ళకి కొత్తది, 128 ప్రశ్నలు, ఇరవై అడిగితే పన్నెండు చెప్పాలి, కాబట్టి ఇప్పుడు వేసేవాళ్ళు పాత పుస్తకాలు పట్టుకుని కూర్చోకండి. ఆ పాత పుస్తకంలో తొంభై ఒకటో ప్రశ్న, అమెరికా భూభాగం ఒకదాని పేరు చెప్పండి అని. జవాబుల్లో అమెరికన్ సమోవా ఉంది. టీచరు క్లాసుని అడిగితే ఒకాయన గ్వామ్ అన్నాడు, ఒకమ్మాయి ప్యూర్టోరికో అంది, మా పక్కింటావిడ తన ఊరి పేరే చెప్పింది, మెల్లగా. టీచరు "వెరీ గుడ్, ఎలా గుర్తుపెట్టుకున్నారు?" అని అడిగింది. ఎవరి తప్పూ లేదు అందులో, టీచరుకి తెలియదు. కానీ నాకు ఒళ్ళు మండిపోయింది. ఏ దేశానికి తన ఊరు చెందుతుందని పుస్తకంలోనే రాసి ఉందో, ఆ దేశంలోకే పరీక్ష రాసి రావాలి ఆవిడ. ఆఖర్న ప్రమాణం కూడా ఉంటుంది, పరాయి రాజులకీ ప్రభుత్వాలకీ ఉన్న విధేయత వదులుకుంటున్నాను అని. నేను భారత పౌరసత్వం వదులుకుంటాను, నాకు వదులుకోడానికి ఒకటుంది, అది తలచుకుంటే మనసు బరువెక్కుతుంది గాని అర్థమవుతుంది. ఆవిడ ఏ పరాయి ప్రభుత్వాన్ని వదులుకోవాలి?

క్లినిక్ వాళ్ళకి నేను రాసి ఇచ్చిన కాగితంలో ఇవే అడిగాను. ఫోన్లో పేరు తీసుకునేటప్పుడు గ్రీన్‌కార్డు ఉందా అన్న ప్రశ్నతోపాటు అమెరికన్ సమోవాలో గాని స్వెయిన్స్ దీవిలో గాని పుట్టారా అన్న ప్రశ్న ఒకటి చేర్చండి. సెక్షన్ 325 గురించి ఒక పేజీ ప్రింటు తీసి మొదటి టేబుల్ మీద పెట్టండి. తకోమా చుట్టుపక్కల సమోవా కుటుంబాలు చాలా ఉన్నాయి, వాళ్ళ చర్చిలున్నాయి, ఇది ఎప్పుడో ఒకసారి వచ్చే కేసు కాదు. సమోవా భాష వచ్చిన ఒక్క వలంటీరైనా ఉండాలి, స్పానిష్‌కీ వియత్నామీస్‌కీ ఉన్నారు కదా. పెద్ద లాయరమ్మ ఆ కాగితం తీసుకుని తర్వాతి ట్రైనింగులో ఇది పెడతామన్నారు, పెడతారనే నమ్ముతున్నాను, ఆవిడ మాట తీరు అలాగే ఉంది.

నాకూ ఆవిడకీ రసీదులు ఇంచుమించు ఒకేసారి వచ్చాయి, వేలిముద్రలు కూడా అయ్యాయి. ఇద్దరం ఇంటర్వ్యూ తేదీ కోసం చూస్తున్నాం. పాస్ అయితే ఆవిడ మొదట చెయ్యాలనుకుంటున్నది ఓటరు నమోదు, లైసెన్సు ఆఫీసుకే వెళ్ళి అక్కడే చేయించుకుంటానంటోంది.

మన తెలుగువాళ్ళు వెళ్ళాలనుకుంటే నిస్సందేహంగా వెళ్ళండి, లాయరు ఖర్చు మిగులుతుంది, పని శుభ్రంగా అవుతుంది, తేదీలు లైబ్రరీల నోటీసు బోర్డుల మీద దొరుకుతాయి, పొద్దున్నే వెళ్తే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటారు. మీ ఆఫీసులోనో, అపార్ట్‌మెంట్లోనో సమోవా వాళ్ళెవరైనా ఉండి ఇలాంటిచోటికి వెళ్తుంటే వాళ్ళకి ఈ రివ్యూ చదివి వినిపించండి. ఫోన్లోనే సెక్షన్ 325 అని చెప్పి, అది తెలిసిన లాయరు ఆ రోజు వస్తున్నారో లేదో కనుక్కుని మరీ పేరివ్వమనండి. మొదటి టేబుల్ దగ్గర ఎవరైనా వెనక్కి పంపుతుంటే లేవొద్దని, పెద్ద లాయరు వచ్చేదాకా కూర్చోమని చెప్పండి.